ఊపిరితిత్తుల దగ్గర ఆగని రాతి దుమ్ము

క్లుప్తంగా: రాయి, ఇసుక, కాంక్రీటు, ఇటుకలతో పని చేసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని చాలామందికి తెలుసు. అదే దుమ్ముకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ల వాపు), స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడటం), లూపస్ (కీళ్లు, చర్మం, కిడ్నీలను దెబ్బతీసేది), వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులతోనూ, అంటే శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులతోనూ, సంబంధం ఉందని నూరేళ్లకు పైగా ఆధారాలు పోగవుతూ వచ్చాయి. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నవాళ్లకూ ఇవి రావచ్చు. కీళ్ల నొప్పులతోనో కిడ్నీ సమస్యతోనో వచ్చిన మనిషిని ఏం పని చేసేవాడివని అడగకపోతే దుమ్ము సంగతి బయటపడే అవకాశం దాదాపు ఉండదు.

## దుమ్ములన్నీ ఒకటి కాదు

సిలికా అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. భూమి పైపొరలో ఎక్కడ తవ్వినా ఏదో ఒక రూపంలో తగులుతుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది దీన్ని కంప్యూటర్ చిప్పుల్లో వాడే సిలికాన్‌తోనో, రబ్బరులా మెత్తగా ఉండే సిలికోన్‌తోనో కలిపేసుకుంటారు. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఆ జెల్‌లో ఉండేది స్ఫటిక రూపం లేని సిలికా. గాజులో ఉండేదీ అలాంటిదే. ఇక్కడ చెప్పుకునే ప్రమాదం స్ఫటిక రూపంలో ఉన్న సిలికాతో, ముఖ్యంగా క్వార్ట్జ్‌తో. పలుగురాయి అనేది దాన్నే. బాగా వేడి తగిలిన చోట ఏర్పడే క్రిస్టోబలైట్ కూడా ఈ కోవలోదే.

ఇసుకలో, ఇసుకరాయిలో పలుగు దండిగా ఉంటుంది. గ్రానైట్‌లో సుమారు మూడో వంతు దాకా ఉంటుంది, పాలరాయిలో చాలా తక్కువ. కాంక్రీటు, ఇటుక, టైల్స్, గార, పింగాణీ మట్టి అన్నింటిలోనూ ఎంతో కొంత ఉంటుంది. రాయి కదలకుండా పడి ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు. దాన్ని కోసినా, తొలిచినా, దంచినా, సాన పట్టినా కథ మారిపోతుంది. గనులు, క్వారీలు, క్రషర్లు, సొరంగాలు, లోహాన్ని ఇసుక అచ్చుల్లో పోతపోసే ఫౌండ్రీలు, ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి ఉపరితలాన్ని శుభ్రం చేసే శాండ్ బ్లాస్టింగ్, కుండలూ పింగాణీ తయారీ, భవనాలు కట్టడం, కూల్చడం... ఈ పనులన్నింటిలో ఉమ్మడిగా కనిపించేది ఈ దుమ్మే.

ఇందులో హాని చేసేది కంటికి కనిపించే భాగం కాదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణుల దాకా చేరే రేణువులు 10 మైక్రాన్ల కంటే చిన్నవి, అందులోనూ ఎక్కువ శాతం 4 మైక్రాన్ల లోపువి. పెద్ద రేణువులు ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని కళ్లెతో, తుమ్ముతో బయటికి పోతాయి. గ్రైండర్ ఆపాక కళ్ల ముందున్న తెల్లటి మబ్బు నిమిషాల్లో సర్దుకుంటుంది. గాలి తేటగా కనిపిస్తుంది కాబట్టి మాస్కు తీసేస్తారు. సన్నటి భాగం మాత్రం గంటల తరబడి ఆ గాలిలోనే తేలుతూ ఉంటుంది.

ఎంత పీలిస్తే ఎక్కువ అన్నదానికి ఒక లెక్క చూద్దాం. అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల షిఫ్టు సగటున ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి సిలికా ఉండకూడదు. కాయకష్టం చేసే మనిషి ఒక షిఫ్టులో సుమారు 10 ఘనమీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఆ పరిమితి దగ్గర పనిచేసినా రోజుకు లోపలికి వెళ్లేది అర మిల్లీగ్రాము. వేలి కొనకు అంటుకునే ఎనిమిది, పది ఉప్పు పలుకుల బరువు అంతే ఉంటుంది. నీళ్లు వాడకుండా రాయినో కాంక్రీటునో కోసేచోట ఈ పరిమితికి ఎన్నో రెట్ల దుమ్ము లేస్తుంది.

## ఎడిన్‌బరో రాతిపనివాళ్ల చేతులు

ఈ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1914లో ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ తాను చూసిన స్క్లెరోడెర్మా రోగుల గురించి రాశాడు. ఈ జబ్బులో చర్మం బిగుసుకుపోయి గట్టిపడుతుంది, వేళ్లు వంగవు, పోనుపోను లోపలి అవయవాలూ గట్టిపడతాయి. చాలా అరుదైన జబ్బు. ఆయన చూసిన తొమ్మిది మందిలో ఐదుగురు రాళ్లు చెక్కేవాళ్లు. ఇది కాకతాళీయం కాదని ఆయన గట్టిగానే నమ్మాడు. కారణం మాత్రం వేరే చోట వెతికాడు. చలి వాతావరణంలో చల్లటి ఇనుప ఉలిని గంటల తరబడి పట్టుకోవడం వల్లే చేతులకు ఇలా అవుతోందని అనుకున్నాడు. ఉలి చేతిలో ఉంది, జబ్బు చేతిలో ఉంది. ముక్కులోంచి వెళ్లిన దుమ్ము వేళ్లను పట్టుకుంటుందని ఆ రోజుల్లో ఎవరూ ఊహించే వీలు లేదు.

నలభై ఏళ్ల తర్వాత, 1953లో, ఆంథొనీ కాప్లాన్ వేల్స్ బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు పరిశీలిస్తూ రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఒక ప్రత్యేకమైన గుండ్రటి గడ్డల తీరును గుర్తించాడు. కొందరిలో ఆ గడ్డలు కీళ్ల నొప్పుల కంటే ముందే కనిపించాయి. దాన్నే ఇప్పుడు కాప్లాన్ సిండ్రోమ్ అంటారు. 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో స్క్లెరోడెర్మా ఎక్కువగా ఉందని రాశాడు. అక్కడి బంగారం పలుగు నిండిన రాతిలో ఉంటుంది. సిలికా దుమ్ముతో పాటు స్క్లెరోడెర్మా ఉంటే దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

ఉలి చల్లదనం వాదన దక్షిణాఫ్రికాలో నిలవదు. లోతైన గనుల్లో పని చేసేవాళ్లకు చలి కాదు కదా, వేడే బాధ. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది రాతి దుమ్ము.

## వాయుగోణిలో మొదలై ఒళ్లంతా

రోగనిరోధక వ్యవస్థ బయటి శత్రువును, సొంత కణాన్ని వేరు చేసి చూడగలగాలి. ఆ తేడా చెరిగిపోయి సొంత కీళ్ల మీదో, చర్మం మీదో, రక్తనాళాల మీదో దాడికి దిగితే అది ఆటోఇమ్యూన్ జబ్బు. ఒక రాతి రేణువు ఈ తేడాను ఎలా చెరిపేస్తుంది?

వాయుగోణుల్లో మాక్రోఫేజ్‌లు అనే కణాలు కాపలా తిరుగుతుంటాయి. లోపలికి వచ్చిన బ్యాక్టీరియానో దుమ్మునో మింగి, తమలోని ఒక సంచిలో వేసి, జీర్ణరసాలతో కరిగించేయడం వాటి పని. పలుగు రేణువును కూడా అలాగే మింగుతాయి. అది కరగదు. పైగా దాని ఉపరితలం సంచి గోడను చీల్చేస్తుంది. జీర్ణరసాలు కణం లోపలే ఒలికిపోతాయి. అప్పుడు కణంలోని ఇన్‌ఫ్లమజోమ్ అనే ప్రమాద ఘంటిక మోగుతుంది. సిలికా ఈ ఘంటికను ఎలా నొక్కుతుందో 2008లో ఒకటికి మించిన పరిశోధన బృందాలు విడివిడిగా చూపించాయి. ఫలితంగా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి వాపు పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి. చివరికి మాక్రోఫేజ్ చచ్చిపోతుంది.

రేణువు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. మళ్లీ అదే తంతు. ఒకే రేణువు ఏళ్ల తరబడి ఇలా కణం తర్వాత కణాన్ని చంపుతూ పోతుంది. పని మానేసినా ఈ చక్రం ఆగకపోవడానికి కారణం ఇదే.

ఈ చక్రానికి రెండు పర్యవసానాలు ఉన్నాయి. ఒకటి అందరికీ తెలిసినదే: వాపు ఉన్నచోట మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడటం, అంటే సిలికోసిస్. రెండోది చచ్చిన కణాల చెత్తతో వస్తుంది. మామూలుగా శరీరంలో రోజూ కోట్ల కణాలు చనిపోతుంటాయి, వాటి శిథిలాలను ఎప్పటికప్పుడు ఎత్తిపోసే ఏర్పాటు ఉంది. సిలికా ఆ ఎత్తిపోసే మాక్రోఫేజ్‌లనే చంపుతుంది కాబట్టి చెత్త పేరుకుంటుంది. కణకేంద్రకంలో దాగి ఉండాల్సిన డీఎన్‌ఏ, ప్రొటీన్లు బయటపడతాయి. రేణువులు ఊపిరితిత్తుల పక్కనున్న లింఫ్ గ్రంథులకూ చేరతాయి. రోగనిరోధక కణాలకు శత్రువును చూపించి శిక్షణ ఇచ్చేది అక్కడే. ప్రమాద ఘంటిక మోగుతూనే ఉంది, కళ్ల ముందు సొంత కణాల ముక్కలు ఉన్నాయి. వాటినే శత్రువులుగా గుర్తుపెట్టుకోవడం అక్కడ మొదలవుతుంది. దుమ్ములో పనిచేసిన చాలామంది రక్తంలో, జబ్బు లక్షణాలు లేకపోయినా, కేంద్రకానికి వ్యతిరేకంగా తయారయ్యే ఏఎన్‌ఏ యాంటీబాడీలు కనిపించడానికి వివరణ ఇదే. దీనికి తోడు, రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు సిలికా వల్ల బలహీనపడతాయని జపాన్ పరిశోధకులు చూపించారు.

పుట్టుకతోనే లూపస్‌కు అవకాశం ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల్లోకి సిలికా పంపిన ప్రయోగాల్లో యాంటీబాడీలు, కిడ్నీ జబ్బు మామూలు కంటే ముందే వచ్చాయి. దుమ్ము వేసింది ఊపిరితిత్తిలో, చెడింది కిడ్నీ. బ్రామ్‌వెల్ ఊహించలేకపోయిన దారి ఇదే.

ఒకే దుమ్ము ఒకరికి కీళ్లనొప్పులు, ఇంకొకరికి చర్మం జబ్బు ఎందుకు తెస్తుంది? అందులో జన్యువుల పాత్ర పెద్దది. దారులూ కొంత వేరు. ఊపిరితిత్తుల్లో వాపు ఉన్నప్పుడు కొన్ని ప్రొటీన్ల రూపం మారిపోతుంది, దాన్ని సిట్రులినేషన్ అంటారు. మారిన ప్రొటీన్ల మీద తయారయ్యే యాంటీబాడీలు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు దారితీస్తాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పగిలి వాటిలోని ఎంజైములు బయటపడితే ఆ ఎంజైముల మీదే దాడి చేసే ఆంకా (ANCA) యాంటీబాడీలు పుట్టి చిన్న రక్తనాళాలను, ముఖ్యంగా కిడ్నీల్లోని వాటిని దెబ్బతీస్తాయి. మచ్చ కట్టించే కణాలు అదుపు తప్పితే స్క్లెరోడెర్మా.

అప్పుడే పగిలిన రాయి దుమ్ము పాత దుమ్ము కంటే చురుగ్గా ఉంటుందన్నది కూడా గమనించాలి. కోత పడగానే బయటపడిన ఉపరితలంలో రసాయనికంగా స్థిరపడని బంధాలు ఉంటాయి. నేల మీద ఏళ్లుగా నాని, మట్టి పూత పట్టిన ఇసుకతో పోలిస్తే రంపం పళ్ల కింద నుంచి నేరుగా ముక్కులోకి వచ్చే దుమ్ము ఎక్కువ హాని చేస్తుంది.

## అంకెలు ఏం చెబుతున్నాయి

ఆగ్నేయ అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఒక అధ్యయనం లూపస్ రోగులను, ఆరోగ్యవంతులను పక్కపక్కన పెట్టి చూసింది. వ్యవసాయంలోనో చేతిపనుల్లోనో మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ సిలికా తగిలినవాళ్లు ఆరోగ్యవంతుల్లో 8 శాతం, రోగుల్లో 19 శాతం. ఎక్కువ దుమ్ము తగిలినవాళ్లకు లూపస్ అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. దుమ్ము పెరిగేకొద్దీ జబ్బు అవకాశమూ పెరగడం కారణం వైపు చూపించే బలమైన గుర్తు.

డెన్మార్క్‌లో సుమారు 30 లక్షల మంది కార్మికుల ఉద్యోగ రికార్డులను దశాబ్దాల ఆసుపత్రి రికార్డులతో జోడించి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, స్క్లెరోడెర్మా, లూపస్, చిన్న నాళాల వాస్కులైటిస్ కలిపి లెక్కిస్తే, దుమ్ము తగలని మగవాళ్లతో పోల్చినప్పుడు ఎక్కువ దుమ్ములో చేసినవాళ్లకు ఇవి దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఆంకా వాస్కులైటిస్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో చేసిన విశ్లేషణలో అది సుమారు రెండున్నర రెట్లు తేలింది. జపాన్‌లోని కోబెలో 1995 జనవరి భూకంపం తర్వాత ఇదే రకం వాస్కులైటిస్ కేసులు పెరిగినట్టు అక్కడి వైద్యులు నమోదు చేశారు. కూలిన భవనాల దుమ్మును అనుమానించారు. పనిచోటుతో సంబంధం లేని ఘటన అయినా ఈ వరుసలో గుర్తుంచుకోదగ్గది.

రెట్లు చూసి టెన్షన్ పడే ముందు ఒక మాట. ఈ జబ్బులు మొదటే తక్కువమందికి వస్తాయి. కొద్దిమందికే వచ్చేది రెండు మూడు రెట్లు పెరిగినా దుమ్ములో పనిచేసిన వాళ్లలో అధిక శాతం మందికి ఆటోఇమ్యూన్ జబ్బు రాదు. అలాగని చిన్న విషయమూ కాదు. ఈ దుమ్ములో పనిచేసేవాళ్లు ప్రపంచవ్యాప్తంగా కోట్లలో ఉన్నారు.

2012లో అమెరికా పర్యావరణ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల బృందం అప్పటిదాకా ఉన్న ఆధారాలన్నీ వడగట్టింది. స్ఫటిక సిలికా రుమటాయిడ్ ఆర్థరైటిస్, స్క్లెరోడెర్మా, లూపస్, ఆంకా వాస్కులైటిస్‌లకు తోడ్పడుతుందని నమ్మకంగా చెప్పవచ్చని తేల్చింది. అదే బృందం స్క్లెరోడెర్మా విషయంలో పారిశ్రామిక ద్రావకాలను, రుమటాయిడ్ ఆర్థరైటిస్ విషయంలో సిగరెట్లను కూడా కారకాలుగా పేర్కొంది. జనంలో సిలికా కంటే ఎంతో ఎక్కువ భయం ఉన్న ఆస్బెస్టాస్‌కు మాత్రం ఈ జబ్బులతో ఇంత బలమైన సంబంధం దొరకలేదు.

సిగరెట్, సిలికా రెండూ కలిస్తే ముప్పు మామూలు కూడిక కంటే ఎక్కువే. స్వీడన్ మగవాళ్ల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, రెండూ లేనివాళ్లతో పోలిస్తే, రెండూ ఉన్నవాళ్లకు సిట్రులినేషన్ యాంటీబాడీలతో కూడిన రుమటాయిడ్ ఆర్థరైటిస్ అవకాశం దాదాపు ఏడు రెట్లుగా కనిపించింది. ఇదే లెక్కను కంపెనీలు తిప్పి చెప్పే ప్రమాదం ఉంది: సిగరెట్ తాగాడు కాబట్టి తప్పు అతనిదేనని. గణితం ఆ మాట చెప్పదు. ఆ ఏడు రెట్లలో పెద్ద వాటా దుమ్ము లేకపోతే ఉండేదే కాదు.

## ఎందుకు ఎవరికీ తట్టదు

ఇంత ఆధారం ఉండి కూడా ఆసుపత్రిలో ఈ సంబంధం తరచూ తప్పిపోతోంది. దానికి కారణాలు వైద్యం నడిచే తీరులోనే ఉన్నాయి.

మొదటిది ఎక్స్‌రే. దుమ్ము జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. మచ్చలు లేకపోతే దుమ్ము వల్ల ఏమీ కాలేదని రాసేస్తారు. ఆటోఇమ్యూన్ జబ్బు రావడానికి సిలికోసిస్ ముందుగా రావాల్సిన అవసరం లేదు. సిలికోసిస్ లేని కార్మికుల్లోనూ ఈ జబ్బులు ఎక్కువగా కనిపించాయి.

రెండోది కాలం. ఇరవై ఏళ్ల వయసులో క్వారీలో పనిచేసి, తర్వాత డ్రైవరుగానో వాచ్‌మన్‌గానో మారిన మనిషికి యాభై ఏళ్లప్పుడు వేళ్ల కణుపులు వాస్తే, ఇప్పుడేం చేస్తున్నావన్న ప్రశ్నకు వచ్చే జవాబులో రాయి ఉండదు.

మూడోది శాఖల విభజన. వేళ్లు వాస్తే కీళ్ల డాక్టరు, చర్మం బిగిస్తే చర్మ వైద్యుడు, మూత్రంలో రక్తం పడితే కిడ్నీ డాక్టరు. దుమ్ము గురించి అడిగే అలవాటు ఉన్నది ఊపిరితిత్తుల డాక్టరుకు. దగ్గు లేని రోగి ఆయన దగ్గరికి వెళ్లడు.

నాలుగోది బ్రామ్‌వెల్ నాటి తికమకే, కొత్త రూపంలో. స్క్లెరోడెర్మా తరచుగా రేనాడ్స్‌తో మొదలవుతుంది. చల్లటి నీళ్లు తగిలితే వేళ్లు పాలిపోయి తెల్లబడతాయి, తర్వాత నీలంగా మారతాయి, వేడి తగిలాక ఎర్రబడి మంటపుడతాయి. రాయి తొలిచే డ్రిల్లు, జాక్‌హామర్ అదురుడు వల్ల కూడా వేళ్లు అచ్చం ఇలాగే తెల్లబడతాయి. ఆ మనిషి చేతిలో ఉన్న యంత్రం అదురుతుంది, దుమ్మూ లేపుతుంది. తప్పంతా అదురుడు మీదికి తోసేస్తే లోపల మొదలైన స్క్లెరోడెర్మా ఏళ్లపాటు బయటపడదు. రెండింటికీ తేడా చెప్పేవి రక్తంలోని యాంటీబాడీలు, గోటి మొదట్లో మైక్రోస్కోపు కింద కనిపించే సన్నటి రక్తనాళాల ఆకారం. రెండు పరీక్షలూ తేలిగ్గానే అయిపోతాయి. చేయించాలన్న ఆలోచన రావడమే కష్టం.

ఆడ మగ తేడా కూడా ఒక ఆచూకీ. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిది మంది దాకా, స్క్లెరోడెర్మా రోగుల్లోనూ చాలా ఎక్కువ మంది ఆడవాళ్లు. ఒక మగవాడికి ఈ జబ్బు వచ్చిందంటే పని గురించి అడగడానికి అదే సరిపోయే కారణం. పింగాణీ పరిశ్రమలో, క్రషర్ల దగ్గర, దంతాల ల్యాబుల్లో, రాతి దుమ్ము ఊడ్చే పనిలో ఉన్న ఆడవాళ్ల విషయంలో ఈ ఆచూకీ పనికిరాదు. ఆడవాళ్లకు వచ్చే జబ్బేగా అని ఆగిపోతే వాళ్ల పని సంగతి ఎవరూ అడగరు.

నష్టపరిహారం కూడా ఇక్కడే ఆగిపోతుంది. వృత్తి జబ్బుల జాబితాల్లో సిలికా పక్కన సిలికోసిస్ పేరు చాలా దేశాల్లో ఉంటుంది. గని కార్మికుల విషయంలో స్క్లెరోడెర్మాను కూడా పరిహారమిచ్చే జబ్బుగా చేర్చిన దక్షిణాఫ్రికా లాంటి ఉదాహరణలు తక్కువ.

## కృత్రిమ రాయి వచ్చాక

వంటగది గట్ల కోసం వాడే కృత్రిమ రాయి ఈ చర్చను మళ్లీ ముందుకు తెచ్చింది. పలుగు పొడిని జిగురుతో కలిపి ఒత్తి పలకలుగా చేస్తారు. అందులో సిలికా 90 శాతం దాటవచ్చు, అంటే గ్రానైట్‌కు దాదాపు మూడు రెట్లు. ఇజ్రాయెల్‌లో ఈ పలకలు కోసే కార్మికులు ఊపిరితిత్తుల మార్పిడి దాకా వెళ్తున్నారని 2012లో అక్కడి వైద్యులు ప్రపంచానికి చెప్పారు. 2015లో వాళ్లే ఇంకో విషయం బయటపెట్టారు. కృత్రిమ రాయి వల్ల సిలికోసిస్ వచ్చిన 40 మందిలో 9 మందికి ఆటోఇమ్యూన్ జబ్బు కూడా ఉంది. దాదాపు నలుగురిలో ఒకరు. దుమ్ము ఎంత గాఢంగా ఉంటే రోగనిరోధక వ్యవస్థ అంత తొందరగా తడబడుతుందన్న అనుమానాన్ని ఇది బలపరిచింది. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రాయి తయారీని, వాడకాన్ని నిషేధించింది.

## దుమ్ము లేవకముందే

ఒకసారి లోపలికి చేరిన సిలికాను బయటికి తీసే మందు లేదు. ఆటోఇమ్యూన్ జబ్బుకు ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. సిలికా ఉన్న ఊపిరితిత్తుల్లో క్షయ ముప్పు ఎలాగూ ఎక్కువ కాబట్టి ఆ మందులు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. రోగి పాత పని తెలియకపోతే ఈ జాగ్రత్తలో కూడా లోటు పడుతుంది.

అందుకే అడ్డుకట్ట దుమ్ము దగ్గరే వేయాలి. అన్నిటికంటే మేలైనది పదార్థాన్నే మార్చడం. బ్రిటన్ 1949 నిబంధనలతో పోత వస్తువుల బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకం ఆపేసింది. తర్వాతది కోత పడేచోటే నీళ్లు పోయడం, పుట్టినచోటే దుమ్మును పీల్చేసే యంత్రం బిగించడం. ఊడ్చే బదులు తడిపి తుడవడం, బట్టల మీద దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకపోవడం చిన్నవిగా కనిపించినా, రోజంతా నేలకు దిగిన దుమ్ము మళ్లీ గాలిలోకి లేచేది ఆ ఐదు నిమిషాల్లోనే. మాస్కు చివరి వరుస. గుడ్డ కట్టుకుంటే ఈ సైజు రేణువులు ఆగవు. సరైన రెస్పిరేటర్ అయినా ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం పెరిగి ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

గాలిలో ఇంత వరకు ఉండొచ్చని చెప్పే అంకెలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు, యూరోపియన్ యూనియన్‌లో 100. ఈ గీతలు ప్రధానంగా సిలికోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, కిడ్నీ జబ్బుల లెక్కల మీద గీసినవి. ఆటోఇమ్యూన్ జబ్బుల ముప్పు ఏ స్థాయిలో మొదలవుతుందన్న ప్రాతిపదికన గీసినవి కావు.

కీళ్లు, చర్మం, కిడ్నీల క్లినిక్‌లలో రోగి చీటీ మీద వయసు, అలర్జీలు, సిగరెట్ అలవాటు రాసే గళ్లు ఉంటాయి. వాటి పక్కన ఇంకో గడి చాలు: ఇప్పటిదాకా చేసిన పనులన్నీ వరుసగా, మొదటి పనితో మొదలుపెట్టి, ఒక్కోదాంట్లో ఎన్నేళ్లు, అక్కడ దుమ్ము ఎలా ఉండేది.